బోర్డు పోయిందమ్మా!

ఇంట్లో వస్తువు పాడైతే పూర్వం విసుగు పుట్టేది. ఇప్పుడు భయం పుడుతోంది. మిక్సీ ఆగిపోయిందన్న బాధకన్నా, దాన్ని బాగుచేయడానికి వచ్చేవాడు ఏం చెబుతాడో అన్న బెంగే ఎక్కువగా వుంటోంది. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే కూరగాయల ధరలూ, పిల్లల చదువులూ అయ్యాక తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. “మెకానిక్కులంతా దొంగలైపోయారండీ!”

నాకెప్పుడూ ఒక సందేహం. అంతమంది ఒక్కసారిగా దొంగలెలా అయ్యారు? మనిషి స్వభావం ముప్ఫై నలభై ఏళ్ళలో అంతగా మారిపోతుందా? మా నాన్నగారి కాలంలో మాత్రం అందరూ హరిశ్చంద్రులేనా ఏమిటి?

మా చిన్నతనంలో తెనాలిలో కళాయి వేసే అతను వీధి అరుగు పక్కనే కొలిమి పెట్టుకునేవాడు. ఇత్తడి గిన్నెని బాగా తోమి, కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తాకించి, దూదితో లోపలంతా గిర్రున రుద్దేవాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచేది. చూస్తూండగానే గిన్నె వెండిలా మెరిసేది. మా అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని, “ఇదుగో, ఈ అంచున పట్టలేదు నాయనా” అనేది. అతను మారుమాట లేకుండా మళ్ళీ కొలిమి మీద పెట్టేవాడు. ఆ పనిలో అమ్మమ్మకి తెలియని రహస్యమంటూ లేదు. అంతా కళ్ళెదుటే జరిగేది. పనితనం సరిగా లేకపోతే నాలుగు రోజుల్లో చింతపండు పులుసే చెప్పేసేది.

ఇప్పటి మన వస్తువులన్నీ మూతపెట్టిన పెట్టెలు. “ఫ్రిజ్‌లో గ్యాసు అయిపోయిందమ్మా” అంటే తలూపుతాం. ఫ్రిజ్‌లో వుండే గ్యాసు మన వంటగ్యాసులా వాడినకొద్దీ అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అలా తిరుగుతూనే వుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ కారే చోటు వెతక్కుండా గ్యాసు నింపడం ఓటికుండలో నీళ్ళు పోయడమే. అలాగే ఫాను నీరసంగా తిరుగుతోందంటే చాలాసార్లు పోయేది చిన్న కండెన్సరు. వంద రూపాయలకి అటూ ఇటూ. కానీ “వైండింగ్ కాలిపోయిందమ్మా” అన్నా మనం ఔననే అంటాం. కాలిన వైండింగ్ ఎలా వుంటుందో మనమెప్పుడు చూశాం కనక!

1970లో జార్జ్ ఆకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాతకార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. సరుకు గుట్టు అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే, మంచిదానికీ చెడ్డదానికీ ఒకటే ధర పలుకుతుంది. ఆ ధరకి మంచి సరుకున్నవాడు అమ్మడానికి ఇష్టపడడు. చివరికి బజారులో నాసిరకమే మిగులుతుంది. ఆయన చెప్పింది స్థూలంగా ఇదీ. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ మాటే మన మెకానిక్కులకీ వర్తిస్తుందనిపిస్తుంది నాకు.

“రేడియో కూడా మూతపెట్టిన పెట్టే కదమ్మా, మరి ఆ రోజుల్లో దాన్ని బాగుచేసేవాళ్ళని ఎలా నమ్మాం?” అంటారు మీరు. నిజమే. మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన్ని మేమంతా బాబాయిగారూ అనేవాళ్ళం. మూగబోయిన ట్రాన్సిస్టరు తీసుకెళితే వెంటనే సామాను మార్చేవారు కాదు. ముందు బ్యాటరీల దగ్గర కరెంటు వస్తోందా అని మీటరు పెట్టి చూసేవారు. తర్వాత వాల్యూం తిప్పే చోట లోపలి తీగకి చిన్న స్క్రూడ్రైవరు తాకించేవారు. స్పీకరులోంచి గుయ్‌మని శబ్దం వచ్చిందా, “ఇక్కణ్ణుంచి స్పీకరు దాకా బాగానే వుందర్రా. దొంగ ఇటుపక్కనే వున్నాడు” అనేవారు. అలా సగం ఇల్లు వెతికి తలుపేసి, మిగతా సగంలో సగం వెతికి, చివరికి దొంగని మూల గదిలో పట్టుకునేవారు. దొరికింది ఊడిపోయిన ఒక్క తీగే అయితే, దాన్ని అతికిన కూలి మాత్రమే పుచ్చుకునేవారు.

ఈ మధ్య మా వాషింగ్ మెషీనులో నీళ్ళు బయటికి పోవడం మానేశాయి. కంపెనీ తరఫున ఒక కుర్రాడొచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, మా అబ్బాయికన్నా కాస్త పెద్దవాడు. మెషీను మీద వెలిగిన నంబరు చూశాడు. సెల్‌ఫోనులో ఏదో చూసుకున్నాడు. “బోర్డు పోయింది మేడమ్. ఏడువేల ఎనిమిదొందలవుతుంది” అన్నాడు.

“ఎలా తెలిసింది బాబూ?” అన్నాను.

“ఈ నంబరొస్తే బోర్డు మార్చమన్నారు మేడమ్.”

“నీకీ పని ఎవరు నేర్పారు?”

“వారం రోజులు ట్రైనింగిచ్చారు మేడమ్.”

ఆ కుర్రాడి మొహంలో దొంగతనమేమీ లేదు. పొద్దుటినుంచీ తిరిగిన అలసట తప్ప. మంచినీళ్ళిచ్చి, ఆలోచించి చెబుతానన్నాను.

మర్నాడు మా పేటలోనే చిన్న కొట్టున్న పెద్దాయన్ని పిలిపించాను. ఆయన మెషీను వేసి, వంగి, చెవిపెట్టి విన్నాడు. “పంపు గుర్రుమంటోందమ్మా. బోర్డే పోతే దానికి కరెంటు ఎవరిస్తారు? తిరగాలనే చూస్తోంది, ఏదో అడ్డం పడింది” అన్నాడు. కిందనున్న మూత తీశాడు. ఒక తలపిన్నూ, రూపాయి బిళ్ళా! మూడొందలు తీసుకుని, రూపాయి బిళ్ళ మాకే ఇచ్చి వెళ్ళాడు.

ఈ ఇద్దరిలో మొదటివాడు అబద్ధాలకోరు, రెండోవాడు సత్యసంధుడు అని తేల్చేస్తే కథ కంచికి పోతుంది. నాకలా అనిపించలేదు. ఆ కుర్రాడు అబద్ధమాడలేదు. అతనికి నిజం కనుక్కునే విద్యే ఎవరూ నేర్పలేదు. నిజం చెప్పాలంటే ముందు నిజం తెలియాలిగా! తెలియనివాడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు సామాన్లు మారుస్తూ పోవాల్సిందే. ఒకటి మార్చి, కుదరక ఇంకోటి మార్చి, మొదటిదానికి కూడా డబ్బు పుచ్చుకుంటాడు. మొదట అది అజ్ఞానం. లాభం కనిపించాక అలవాటు. కొన్నాళ్ళకి మోసం. పనితనమూ నిజాయితీ వేరువేరు గుణాలని మనమనుకుంటాం కానీ, ఈ వృత్తిలో మొదటిది పోతే రెండోది ఎక్కువకాలం నిలవదు.

తప్పంతా కుర్రాళ్ళదే అనడం కూడా అన్యాయం. ఇప్పటి బోర్డుల మీద సామాన్లు ఆవగింజలంత వుంటాయి. వాటి పటాలూ, విడిభాగాలూ బయటి కొట్లకి ఇవ్వడానికి చాలా కంపెనీలకి మనసొప్పదు. ఈ సంగతి ప్రభుత్వాలకీ తెలిసింది. ఫ్రాన్సులో 2021లో వాషింగ్ మెషీన్లూ, సెల్‌ఫోన్లూ వంటివాటికి, బాగుచేసుకోవడానికి ఎంత వీలో పదికి ఇన్ని మార్కులని వేసి చూపించే పద్ధతి పెట్టారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో ‘బాగుచేయించుకునే హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. ఆ డిసెంబరులోనే అందుకోసం ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. అయితే చట్టం విడిభాగాన్ని ఇప్పించగలదు గానీ, చెవిపెట్టి వినే ఓపికని ఇప్పించలేదు.

మన సంగతి కూడా కొంచెం చూసుకోవాలి. ఆ పెద్దాయన వెళ్ళాక పక్కింటి పిన్నిగారు, “పిన్ను తీసినందుకు మూడొందలా? విడ్డూరం!” అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడే క్రితం నెల గుండె దడగా వుందని డాక్టరు దగ్గరికి వెళితే, “ఏమీ లేదమ్మా, కాస్త గ్యాసు పట్టింది” అన్నందుకు ఫీజిచ్చి, దణ్ణం కూడా పెట్టి వచ్చారు. ఏమీ లేదని చెప్పిన డాక్టరు మనకి దేవుడు. ఏమీ లేదని చెప్పిన మెకానిక్కుకి మాత్రం కాఫీ నీళ్ళు కూడా దండగ! వస్తువు మారిస్తేనే డబ్బు, జబ్బు కనిపెట్టినందుకు ఏమీ లేదంటే, ఎవరైనా వస్తువే మారుస్తారు. నిజం చెప్పి రెండు వందలు తెచ్చుకునేవాడికన్నా, బోర్డు మార్చి వేలు తెచ్చుకునేవాడి సంసారమే సుఖంగా సాగుతుంటే, కొడుక్కి ఏ విద్య నేర్పుతాడు?

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకు తెలిసిందే. తపస్సు చేసుకున్న కౌశికుడు ధర్మసూక్ష్మం తెలుసుకోవడానికి వెళ్ళింది అడవికి కాదు, మిథిలలోని మాంసం కొట్టుకి. అక్కడికి వెళ్ళమని దారి చూపించింది ఒక ఇల్లాలు. ధర్మం చేతిపనిలో కూడా వుంటుందని మొదట కనిపెట్టింది ఆవిడే అన్నమాట.

ఆ చూపు మనకీ వుండాలి. వచ్చినవాణ్ణి ఎంతవుతుందని అడగడానికి ముందు, “ఎలా తెలిసింది?” అని అడుగుదాం. తీసేసిన పాత సామాను చూపించమందాం. “నాకు అంతుపట్టడం లేదమ్మా, ఇంకోరిని చూడమనండి” అని ఎవరైనా అంటే, అతని ఫోను నంబరు మాత్రం పోగొట్టుకోకండి. తనకేది తెలియదో తెలిసినవాడు, తెలిసినప్పుడు నిజమే చెబుతాడు.