ముందుగా పోవు హక్కు

వరుసలో నిలుచుట నాగరికతకు మొదటి పాఠమని పెద్దలు చెప్పుదురు. రేషను దుకాణము మొదలు తిరుమల వైకుంఠము క్యూ కాంప్లెక్సు వరకు మన ఆయుర్దాయములో కొంత భాగము వరుసలలోనే గడచినది. వరుసకు ధర్మమొక్కటే: ముందు వచ్చినవాడు ముందు పోవును. ధనికుడైనను పేదయైనను అక్కడ చెల్లించు మూల్యము కాలమే. అయినను ప్రతి పెద్ద వరుస ప్రక్కను ఒక చిన్న వరుస ఉండనే ఉన్నది. దానిలో ఎవరు నిలువవచ్చును? ఏ హక్కుచే నిలువవచ్చును? ఈ విచారణకు మన చెన్నై విమానాశ్రయముకన్న తగిన చోటు నాకు కనబడదు.

అసలు తనిఖీ ఎందుకను వారు ఈ నగరపు చరిత్రను మరచినవారు. 1984 ఆగస్టు 2వ తేదీన మీనంబాక్కములో ప్రయాణసామగ్రియందు దాచిన బాంబు ప్రేలి ముప్పదిమందికి పైగా మరణించిరి. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును కాందహారునకు మళ్లించిన పిమ్మట, 2000వ సంవత్సరము నుండి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము మన విమానాశ్రయముల కాపలాను క్రమముగా స్వీకరించినది. జవాను మన జేబులు తడిమి చూచుట మనపై అనుమానముచే కాదు. అతనికి మనమందరమును సమానముగా అపరిచితులము. ఆ సమానత్వములోనే ఒక గౌరవము కలదు.

ఈ సమానత్వమునకు మొదటి మినహాయింపు పదవి. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తి మొదలగువారికి తనిఖీ లేదు. దీనిపై నాకు పెద్ద కలహము లేదు. పదవి దిగినవారు కూడ అదే మర్యాదను కోరునపుడు మాత్రము నవ్వు వచ్చును.

రెండవది ధనము. తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమును మనలో ఎందరమో పొందినవారమే. కావున ఇచ్చట నీతులు చెప్పుటకు నోరాడదు. మన బిడ్డలున్న అమెరికాలో ఈ మార్గము విమానాశ్రయములలో శాస్త్రముగానే ఏర్పడినది. 2011లో ఆరంభమైన ప్రీచెక్ అను పద్ధతిలో ప్రయాణికుడు రుసుము చెల్లించి, వ్రేలిముద్రలిచ్చి, తన పూర్వచరిత్రను పరిశీలింపనిచ్చును. అంగీకారము లభించినచో అయిదేండ్లవరకు అతడు బూట్లు విప్పనక్కరలేదు; ల్యాప్‌టాపు సంచిలోనే ఉండవచ్చును; వరుసయు పొట్టిది. 2025 జులైలో అచ్చటి ప్రభుత్వము బూట్లు విప్పు నియమమును సామాన్య ప్రయాణికులకును తొలగించినది. యంత్రములు మెరుగుపడినవని కారణము చెప్పిరి, నిజమే కావచ్చును. కాని అంతవరకు కొందరు సొమ్మిచ్చి కొనిన సౌకర్యము ఒక్కనాట అందరికిని ఉచితమైనది. కష్టమునుండి విముక్తిని అమ్ముకొను సంస్థకు ఆ కష్టమును తొలగించుటలో తొందర యుండునా? ఈ సందేహము నన్ను విడువదు. ధనమిచ్చి ముందు పోవువాడు వెనుకవాని కాలమును కొనుచున్నాడు. ఆ వెల మాత్రము వెనుకవానికి చేరుట లేదు.

మూడవ హక్కు కొత్తది: యంత్రమునకు పరిచితుడగుట. మన దేశములో 2022 డిసెంబరున ఢిల్లీ, బెంగుళూరు, వారణాసులలో మొదలై 2024లో చెన్నైకి వచ్చిన డిజియాత్ర ఇట్టిది. ప్రయాణికుడు సెల్‌ఫోనులో ఆధారు వివరములను, తన ముఖచిత్రమును, బోర్డింగు పాసును చేర్చును. ద్వారమువద్ద కెమెరా అతని ముఖమును చూచి తలుపు తెరచును. కాగితములు చూపు పని తప్పును. దేహపు తనిఖీ మాత్రము తప్పదు. దీనికి రుసుము లేదు, నిర్బంధమును లేదు. విమానము బయలుదేరిన ఇరువదినాలుగు గంటలలో విమానాశ్రయము ఆ వివరములను తుడిచివేయవలెనని నియమము. వరుస పొట్టియగుటకు ఇచ్చట ఎవరి కాలమును దొంగిలింపలేదు. పని తగ్గుటచేతనే త్వరగా కదలుచున్నది. కావున ధనమార్గముకన్న ఇది మేలని నా అభిప్రాయము.

అయితే యంత్రము ఎవరిని గుర్తించును? కాగితములన్నింటిలో ఒకే పేరు కలవానిని. ఇచ్చట మనవంటివారికి ఒక చిక్కు కలదు. చెన్నై తెలుగువాని ఇంటిపేరు ఒక్క అక్షరముగా ముడుచుకొని పేరునకు ముందు నిలుచును. తమిళ సోదరులకు ఆ అక్షరము తండ్రి పేరు. మనకు వంశము పేరు. బడిలో చేర్చునాడు ఉపాధ్యాయుడు ఇచ్చటి ఆచారము ననుసరించి తండ్రి పేరు వ్రాసికొనిన ఇండ్లును ఉన్నవి. అందుచే ఒకే కడుపున పుట్టిన అన్నకు ఒక అక్షరము, తమ్మునికి మరియొకటి. ఆధారులో పొడి అక్షరము, పాస్‌పోర్టులో దాని విస్తరణ, టిక్కెట్టుపై రెండును తారుమారు. వీధిలో అందరును ఎరిగిన పెద్దమనిషి యంత్రమునకు మాత్రము ముగ్గురు వేరువేరు మనుష్యులు. అతడు మరల పెద్ద వరుసలోనికే పోవలెను. అచ్చట నిలిచిన జవాను కాగితములు త్రిప్పి, ముఖము చూచి, నవ్వి పంపును. ఆ నవ్వు ఇంకను మిగిలియున్నంతవరకు ఈ చిక్కు పెద్దది కాదు. రేపు పెద్ద వరుసయే లేకపోయినచో?

నాలుగవది అశక్తత. చక్రాల కుర్చీలో కూర్చున్నవానికి దారి విడుచుటకు ఎవ్వరును గొణుగరు. ముందు పోవుటకు హక్కులలో ఇది నిర్మలమైనది. కాని ఈ కుర్చీలలో మన ఇండ్లనుండి బయలుదేరు వృద్ధులందరును నడువలేనివారు కారని మనకు తెలియును. చెన్నై నుండి అమెరికాకు పోవుటకు ఏ దుబాయిలోనో ఏ దోహాలోనో విమానము మారవలెను. అమ్మమ్మ రోజును కోవెల చుట్టు పదకొండు ప్రదక్షిణములు చేయును. కాళ్లకు లోపము లేదు. ఇంగ్లీషు రాదు, పలకలపై అక్షరములు తెలియవు. కొడుకు టిక్కెట్టు కొనునప్పుడే చక్రాల కుర్చీ కావలెనని వ్రాయించును. ఆ కుర్చీతో ఒక మనిషి వచ్చును. తనిఖీవద్ద ఏమి విప్పవలెనో, ఏ ద్వారమునకు పోవలెనో అతడు చూచుకొనును. వారికి కావలసినది కుర్చీ కాదు, ఆ మనిషి.

ఇది అబద్ధమా? అబద్ధమే. అయితే అక్కర నిజమైనది. దానికి తగిన వరుస ఎచ్చటను లేదు. భాష రానివారికి తోడు కావలెనని అడుగుటకు ప్రత్యేకముగా ఒక మార్గముండినచో ఈ అబద్ధము చాలవరకు తగ్గును. అంతవరకు నేను ఆ కొడుకును నిందింపజాలను, పూర్తిగా సమర్థింపను జాలను. ఏలయనగా కుర్చీలు లెక్కకు మించి లేవు. నిజముగా అడుగు వేయలేని ముసలివాడొకడు ద్వారమువద్ద కుర్చీకై కాచుకొని యుండగా, నడువగల అమ్మమ్మ దానిలో ముందుకు సాగిపోవును. అతడు అచ్చట ఉన్నాడని ఆమెకు తెలియదు. తెలిసినచో దిగి నడచునేమో. నడచి ఎటు పోవలెనో మాత్రము ఆమెకెవ్వరును చెప్పలేదు.