కాలం కాలే

2009 జూన్‌లో మా నాయనా నేనూ ఒకే పని చేస్తున్నాం. ఆయన నల్గొండ జిల్లాలోని మా చెలక గట్టు మీద నిలబడి మొగులు వైపు చూస్తున్నాడు. నేను హైదరాబాద్‌లో ఎస్సార్ నగర్ హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్ వైపు చూస్తున్నాను.

ఇంజనీరింగ్ మూడో ఏడాది చివర ఒక కంపెనీ నన్ను క్యాంపస్‌లో ఎంపిక చేసుకుంది. ఊళ్ళో మిఠాయిలు పంచాం. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్కడి బ్యాంకులు మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకిచ్చే పని తగ్గించుకున్నాయి. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. నేను పట్టా పుచ్చుకునేసరికి, ఎంపిక చేసుకున్నవాళ్ళ మాట 'త్వరలో తెలియజేస్తాం' దగ్గర ఆగిపోయింది. చేరాల్సిన తేదీ చివరిదాకా రాలేదు.

పొద్దున మైత్రీవనం దగ్గర కోర్ జావా క్లాసు. ఆ తర్వాత వాకిన్‌లు. ఫైల్లో ఒరిజినల్స్, మూడు సెట్ల జిరాక్సులు పెట్టుకుని గేటు ముందు లైన్లో నిలబడేవాళ్ళం. "టెన్త్ నుంచి అరవై శాతం లేనోళ్ళు పక్కకు రండి" అని సెక్యూరిటీ అతను అరిచేవాడు. కొన్ని రోజులు మా వంతు రాకముందే గేటు మూసేవాళ్ళు.

ఆదివారం రాత్రి నాయన ఫోన్ చేసేవాడు. "ఆడేమన్న పడ్డదా?" అని అడిగేవాడు. వాన సంగతే. నాకు మాత్రం ఉద్యోగం గురించే అడిగినట్టు గొంతు పట్టేసేది. లేదనేవాణ్ణి. "ఈడా గంతే బిడ్డా. కాలం కాలే."

మా వైపు కాలమంటే వానే. కాలం కాలేదంటే వానలు కురవలేదని. దున్నినవాణ్ణి ఆ మాట వేలెత్తి చూపదు. చదువుకున్న నాకు వచ్చిన మాటలు వేరు: రిజెక్టయ్యాను, ఫెయిలయ్యాను. వాటిలో కర్త ఎప్పుడూ నేనే. ఆ ఏడు దేశమంతటా నైరుతి వానలు దాదాపు 22 శాతం తక్కువ పడ్డాయి, 1972 తర్వాత అంతటి లోటు అదే. అది నాయన చేతకానితనమని ఎవరం అనుకోలేదు. అదే కళ్ళతో నన్ను నేను చూసుకోలేకపోయాను. మా కాలేజీలోనే, నావంటి మార్కులే ఉన్న సీనియర్‌కి అంతకు రెండేళ్ళ ముందు రెండు ఆఫర్లు వచ్చాయి.

జులైలో ఊరెళ్ళినప్పుడు నాయన సాలు పక్కన గొంతుక్కూర్చుని, వేలితో మట్టి తవ్వి పత్తిగింజ ఒకటి తీశాడు. అరచేతిలో పెట్టుకుని గోటితో నొక్కాడు. "ఉబ్బి మురిగితే ఇత్తునం తప్పు. గిది సూడు, ఏసినట్టే ఉన్నది. తడే తగల్లే."

ఆ గింజను ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక ఇంటర్వ్యూలో హ్యాష్‌మ్యాప్‌కీ హ్యాష్‌టేబుల్‌కీ తేడా చెప్పలేకపోయాను. అది నా విత్తనం తప్పే. ఆ రాత్రే కూర్చుని నేర్చుకున్నాను. కానీ జవాబే రాని దరఖాస్తుల సంగతి? వాటిని ఏ మట్టిలో తవ్వి చూడాలి? తప్పు తనదో కాలానిదో తెలియని పిల్లలు తప్పంతా తమ మీదే వేసుకుంటారు. 'మీకు ఫలానాది రాలేదు' అనో, 'ఈసారి ఖాళీలు లేవు' అనో ఒక్క వాక్యం రాయడం పిలిచినవాళ్ళ బాధ్యతని గట్టిగా నమ్ముతాను.

నాయన మాట అన్నిచోట్లా పనికొస్తుందని చెప్పలేను. కాలం కాలేదని తెలిసీ, అప్పు మోయలేక పురుగుమందు తాగిన రైతులు మా జిల్లాలోనే ఉన్నారు. నాకూ ఒకచోట ఆ మాట సరిపోలేదు. 2010లో మళ్ళీ ఉద్యోగాలు మొదలైతే, ప్రకటనల్లో '2010 పాసవుట్స్ మాత్రమే' అని రాశారు. వానకు అలాంటి షరతు ఉండదు. నిరుడు ఎండిన చెలకలోనూ పడుతుంది. ఆ కోపం నాలో ఇంకా ఉంది.

2011లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. జావా వదిలి టెస్టింగ్ నేర్చుకోవాలన్న ఆలోచన మాత్రం ఆ 2009 జులై ఆఖరులోనే, చెలకలోనే పుట్టింది. అప్పుడు ఒక పదును వాన పడింది. పత్తికి అదను దాటిపోయింది. నాయన పత్తి ఊసెత్తలేదు, ఆముదాలు తెచ్చాడు. మొలవని పత్తిగింజలు ఇంకా లోపలే ఉన్న మట్టిలో ఆయన నాగలి పట్టాడు. అమ్మ సాలెంబడి ఆముదాలు వేసుకుంటూ పోయింది. నేను వెనక నడుస్తూ కాలితో మన్ను కప్పాను.