గోటికి తగిలే గీత

వంటింట్లో గిన్నె సొట్టపడితే "పోనిద్దూ, అన్నం ఉడుకుతోందిగా" అని సరిపెట్టుకునే మనం, కారు మీద సన్నటి గీత కనిపిస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాం. నేనూ ఆ తానులో గుడ్డనే. మా కారు కొత్తదీ కాదు, గొప్పదీ కాదు. తొమ్మిదేళ్లనాటిది. అయినా మొన్న ఒకరోజు పొద్దున్నే డ్రైవరు వైపు తలుపు హ్యాండిల్ వెనకాల, వేళ్లు దూర్చే గుంటలో, నెలవంకల్లాంటి తెల్లగీతలు పదో పన్నెండో కనిపించేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచేది వాచ్‌మన్ రెండో కొడుకు. ఇంటర్ చదువుతున్నాడు. తెల్లారకుండానే లేచి, కాలేజీ వేళకి అయిదారు కార్లు తుడిచేస్తాడు. ఆ డబ్బులతోనే వాడి పుస్తకాలూ, బస్సు పాసూ.

"నువ్వు తుడుస్తున్నది గుడ్డతోనా, గరుకు కాయితంతోనా?" అన్నాను. అంతటితో ఆగితే బావుండేది. "ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యడం మీవాళ్లకి ఎప్పటికి వస్తుంది?" అని కూడా అన్నాను.

"నేను కాదమ్మగారూ" అన్నాడు వాడు. ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనలేదు. పక్క ఫ్లాటావిడా, పాల కుర్రాడూ వింటూనే ఉన్నారు. అవతల మెట్లు ఊడుస్తున్న వాళ్ల నాన్న తలెత్తలేదు.

ఆదివారం నాడు వాడు పనిలోకి రాలేదు. "జొరమమ్మా" అన్నాడు తండ్రి. "నువ్వే కడుక్కో. వ్యాయామం కూడానూ" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండా.

చీర కుచ్చిళ్లు ఎగదోపి ముందు మ్యాట్లు పట్టాను. వాటిని పైకి తీద్దును కదా, మా ఇంటి జాతకమంతా వాటి మీదే ఉంది! గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం, వేరుశనగ పొట్టు, మావారు ఎప్పుడో మానేశానన్న పకోడీల తాలూకు నూనె మరక, దోసెడు ఇసక. ఒక్క రేణువు కూడా బయటివాళ్లు వచ్చి పోసింది కాదు. అంతా మేం మా కాళ్లతో మోసుకొచ్చుకున్నదే.

మ్యాట్లు కడగడానికీ ఓ వరస ఉంది. నీళ్లు పొయ్యకముందే బాగా దులపాలి. లేకపోతే దుమ్ము కాస్తా బురదై గాడుల్లో కూచుంటుంది. ఆ తర్వాత సబ్బు నీళ్లతో రెండువైపులా బ్రష్షు పెట్టి తోమాలి. పూర్తిగా ఆరాకే వెయ్యాలి. తడి ఉంటే కారంతా ముక్కవాసన. మెరుస్తుంది కదా అని నూనెలాంటిదేదీ పట్టించకూడదు. ముఖ్యంగా డ్రైవరు కాళ్ల కింది దానికి. కాలు జారిందంటే బ్రేకు దగ్గర ప్రాణం మీదికొస్తుంది. కొక్కేలుంటే వాటికి తగిలించి తీరాలి, మ్యాటు ముందుకి జరిగి పెడలు కింద ఇరుక్కోకుండా.

ఆరిన మ్యాట్లు ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో నెమ్మదిగా తలుపు హ్యాండిల్ పట్టుకున్నాను. కిర్రుమని చిన్న చప్పుడైంది. వేళ్లు గుంటలో పెట్టి మళ్లీ లాగి చూశాను. మళ్లీ అదే చప్పుడు. గ్రహదోషాలు పోతాయని మా అత్తగారు చేయించిన నవరత్నాల ఉంగరం, సరిగ్గా ఆ నెలవంకల మీదుగానే జారుతోంది. ఒక్క గీత కూడా తప్పిపోలేదు.

ఆ క్షణంలో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తోంది. లోపలికెళ్లి అయిదొందల నోటు తెచ్చి "పిల్లాడి మందులకి" అని తండ్రి చేతిలో పెట్టాను. ఉంగరం సంగతి మాత్రం చెప్పలేదు.

మర్నాడు కారు రంగులు వేసే షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన గీతల మీద అడ్డంగా గోరు పెట్టి లాగి చూశాడు. "గోటికి తగలటం లేదమ్మా. పోతాయి" అన్నాడు. ఈ కాలం కార్లకి రంగు మీద రంగులేని పూత ఒకటి ఉంటుంది. మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, అంటే తల వెంట్రుకపాటి ఉంటే గొప్ప. పైపై గీతలు ఆ పూతలోనే ఆగిపోతాయి. గోరు ఆగిందంటే లోతుకి దిగిందన్నమాట. దానికిక పాలిష్ సరిపోదు.

"మైనం రాసేస్తే సరిపోదా?" అన్నాను.

"అది సందు కప్పేస్తుందంతే. నాలుగు కడుగుళ్లయ్యాక మళ్లీ బయటపడుతుంది."

"మరి కాంపౌండ్ పెట్టి రుద్దితే గీత ఎక్కడికి పోతుంది?"

ఆయన నవ్వాడు. "గీత ఎక్కడికీ పోదమ్మా. దాని చుట్టూ ఉన్నదాన్నే అరగదీసి, దాని లోతుకి దింపుతాం. అందుకే ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు రుద్దకూడదు. పై పూత పల్చనైపోతే కింది రంగుని ఎండ తినేస్తుంది."

దారి పొడుగునా ఆ మాటే చెవిలో మోగింది. నేనిచ్చిన అయిదొందలు మైనం. వాడి మనసులోని గీత పోవాలంటే ఆ పక్కన ఎత్తుగా నిలబడి ఉన్నది దిగాలి. ఆ ఎత్తు నాది.

మావారితో అంటే, "డబ్బిచ్చావుగా, ఇక వదిలెయ్. చిన్నపిల్లాడు, మర్చిపోతాడు" అన్నారు. మీలోనూ కొందరు అదే అనొచ్చు. పెద్దవాళ్లం, జీతమిచ్చేవాళ్లం, పదిమందిలో కుర్రాడి దగ్గర తగ్గితే రేపు మాట వింటారా అని. కానీ పదిమందిలో అన్న మాటని గదిలోకి పిలిచి వెనక్కి తీసుకుంటే అది సగం తీసుకున్నట్టే కదా! తక్కిన సగం ఆ పక్క ఫ్లాటావిడ దగ్గరా, పాల కుర్రాడి దగ్గరా ఉండిపోదూ?

వాడు మళ్లీ పనిలోకొచ్చిన రోజు, అదే వేళకి, అదే చోట నిలబడి ఉంగరం చూపించాను. "గీతలు పెట్టింది నేను బాబూ. అన్న మాట తప్పు. మీవాళ్లన్న మాట మరీ తప్పు" అన్నాను. పక్క ఫ్లాటావిడ గుమ్మంలోనే ఉంది. నా గొంతు వణికింది. "పర్లేదమ్మగారూ" అన్నాడు వాడు, బకెట్ అందుకుంటూ. వాళ్ల నాన్న మాత్రం ఊడవడం ఆపి ఒక్కసారి నావైపు చూశాడు.

ఇదంతా చెప్పి "కథ సుఖాంతం" అందామనుకున్నాను. కాలేదు. గీతల సంగతి గోటికి తగలనిదే. "మీవాళ్లకి" అన్న ఆ ఒక్కమాట దగ్గర మాత్రం గోరు ఆగుతోంది. ఉంగరం గీతలు నావని తేల్చేయొచ్చు. ఆ మాట నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో తేల్చుకోవడానికి ఏ షెడ్డుకి వెళ్లను?

ఇప్పుడా హ్యాండిల్ గుంటలో ఒక్క గీతా లేదు. ఉంగరం బీరువాలో ఉంది. వాడు రోజూ కారు తుడుస్తూనే ఉన్నాడు. కాకపోతే, ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "అమ్మగారూ, ఓసారి చూసుకోండి, ఇంకా ముట్టుకోలేదు" అని పిలుస్తాడు.

వద్దనడానికి నాకు నోరు రాదు. వెళ్లి చూసి వస్తున్నాను.