నత్తకూ ఓ ఇంటిపేరు

ఆడపిల్లకి పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. ఈ నత్తకి ఏ పెళ్ళీ కాకుండానే ఎన్నిసార్లు మారిందో!

కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడచెట్ల కింద, ఆటువేళ నీరు తీసిన బురదలో చిటికెనవేలంత కోలగుల్లల నత్తలు పాకుతూంటాయి. 1791లో గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వీటికి 'మ్యూరెక్స్ సింగులేటస్' అని నామకరణం చేశాడు. రెండో మాటకి అర్థం నడుముకి పట్టీ కట్టుకున్నదని. మనమైతే వడ్డాణం పెట్టుకుందనేవాళ్ళం! శాస్త్రజ్ఞులూ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాస్తారు. తర్వాతివాళ్ళు ఇంటిపేరు 'సెరిథిడియా' అన్నారు. అది లాటిన్లో స్త్రీలింగం కనక సింగులేటస్ కాస్తా సింగులేటా అయింది. చివరికి 2016లో రీడ్, ఒజావా అనే ఇద్దరు 'పిరెనెల్లా' అని తేల్చారు.

ఎందుకీ తిప్పలంటే, పైగుల్లని నమ్మటానికి లేదు. నీటి ఉప్పు, అలల తాకిడి అన్నీ దానిమీద అచ్చుపడతాయి. సముద్రపు రాళ్ళకి బోర్లించిన చిన్న మూకుళ్ళలా అతుక్కుని రెండు రకాల నత్తలుంటాయి. చూస్తే అక్కచెల్లెళ్ళే అంటాం. కోసి చూస్తే ఒకదానికి ఉన్నవి మొప్పలే. సైఫొనేరియా అనే రెండోదానికి గాలి పీల్చే సంచి కూడా ఉంటుంది. దగ్గరి చుట్టాలే కావు! ఏళ్ళ తరబడి కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలకి ఒకే పోలిక వస్తుందంటారే, అలాగన్నమాట. అందుకని పండితులు నాలుకమీద ఆకురాయిలా వరసలు కట్టిన పళ్ళు, గుడ్లు పెట్టే అవయవాలు పరీక్షించారు. అదీ చాలక ఇప్పుడు చిటికెడు కండ తీసి డి.ఎన్.ఏ. చదువుతున్నారు. అలా చదివితేనే, ఒక్క సింగులేటా పేరు కింద కలిపేసిన గుంపులో వేరువేరు జాతులున్నాయని బయటపడింది.

ఇక్కడే నాకు జంకు. "చూశారా, అందం కాదు, వంశమే ముఖ్యమని సైన్సే అంటోంది" అనే పెద్దలు బెజవాడ పెళ్ళిచూపుల్లో కొల్లలుగా దొరుకుతారు. పిల్ల రంగు చూడటం తప్పేనని ఒప్పుకుని, ఆ నోటితోనే కులం ఆరా తీస్తారు. అదేదో లోతైన చూపనుకుంటారు. నత్తల వంశం విప్పేవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరికి ఎవరు చుట్టం? ఎవరు గొప్ప అన్నది వాళ్ళ ప్రశ్న కాదు, డి.ఎన్.ఏ.లో దానికి జవాబూ లేదు. మనుషుల మాటకొస్తే, కులాలన్నీ కలిపి మనది ఒక్కటే జాతి. పైగా ఒక జన్యువు చెప్పింది ఇంకో జన్యువు కాదనొచ్చు. అందుకే వాళ్ళు గుల్లని పారెయ్యకుండా పక్కనే పెట్టుకుంటారు. ఆ ఓపికలో పదోవంతు మన పెళ్ళిపెద్దలకుంటే ఎంత బావుణ్ణు!

మరి చుట్టరికం తెలుసుకుని లాభమేమిటంటారా? ఉంది. మడ కొట్టి రొయ్యల చెరువు తవ్వితే బురదతోపాటు ఈ నత్తలూ పోతాయి. అన్నిచోట్లా ఉన్నది ఒకటే నత్త అనుకున్నన్నాళ్ళూ, ఇక్కడ పోతే ఇంకో తీరాన ఉందిలే అని ఊరుకోవచ్చు. ఇక్కడిది వేరే జాతి అని తేలిందనుకోండి, ఆ మాట అనటానికి నోరు రాదు.