ఎంత దూరంలో నిలబడాలి?

ఇర్వింగ్‌లో బర్డ్స్ ఫోర్ట్ అని ఒక పార్కు ఉంది. కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆ పేరు చూసి "పిట్టలకోట" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది జొనాథన్ బర్డ్ అనే ఆయన 1841లో ఈ ప్రాంతంలో కట్టించిన కోట పేరు. టెక్సస్ ఇంకా విడి దేశంగా ఉన్న రోజుల్లో, 1843లో, ఆ ప్రభుత్వానికీ ఇక్కడి ఆదివాసీ తెగలకీ ఒడంబడిక జరిగింది ఆ కోట దగ్గరే. పిట్టలకీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. అయినా పిట్టలు మాత్రం ఉన్నాయి. ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ వెంబడి క్యాంపియన్ ట్రెయిల్ మీద పొద్దున్నే నడిస్తే, మన నారాయణ పక్షికి పెద్దన్నలాంటి గ్రేట్ బ్లూ హెరాన్, తెల్లకొంగలు, చలికాలం వస్తే నీటికాకులు, బొల్లికోళ్ళు కనిపిస్తాయి. ఆఫీసు, అపార్టుమెంటు, ఇండియన్ స్టోరు, ఈ మూడింటి మధ్య తిరిగే నాబోటి వాడికి అది నాలుగో చోటు.

నా చిన్నతనం కొల్లేటి ఒడ్డున గడిచింది. అప్పట్లో మాకు పక్షి అంటే కూర. ఉండేలుతో గురి చూసి కొట్టేవాణ్ణి. అదే చెయ్యి ఇక్కడికొచ్చాక కెమెరా పట్టుకుంది. నా పాపం కొంత కడుక్కుంటున్నానని కూడా లోలోపల అనుకునేవాణ్ణి. చంపడం లేదు కదా, చూస్తున్నాను అంతే. చూడటంలో తప్పేముంది?

ఈ ప్రశ్నకి నాకు జవాబు తెలుసనే అనుకున్నాను, ఒక మే నెల మధ్యాహ్నం దాకా.

ఆ రోజు కారు ఆపిన చోటికి కొంచెం దూరంలో, గులకరాళ్ళు పరిచిన నేల మీద కిల్‌డీర్ పిట్ట ఒకటి కనిపించింది. ఇది మన తీతువుకి దగ్గర చుట్టం. తీతువు లాగే చెట్టెక్కదు, గూడు కట్టదు, రాళ్ళలో చిన్న గుంట చేసుకుని సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లకీ రాళ్ళకీ తేడా తెలియదు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిట్ట గట్టిగా అరుస్తూ పరిగెత్తి, ఒక రెక్క విరిగిపోయినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, నారింజ రంగు తోక విప్పి కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది నటన అని నాకు తెలుసు. కుంటి పిట్ట సులువుగా దొరుకుతుందని శత్రువు తన వెంట పడతాడు, గుడ్లని వదిలేస్తాడు. తల్లుల యుక్తి అది. తెలిసే, మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీశాను. అది మళ్ళీ గుడ్ల దగ్గరికి వెళ్ళబోతే మళ్ళీ ఓ అడుగు ముందుకి వేశాను. మళ్ళీ రెక్క విప్పింది. ఇలా అరగంట సాగింది. టెక్సస్ ఎండ నెత్తి మీద మాడిపోతోంది.

ఫోటో అద్భుతంగా వచ్చింది. చూసినవాళ్ళంతా "నాట్యం చేస్తున్నట్టుందండీ" అన్నారు. నేను కాదనలేదు.

తరవాత ఒక రాత్రి ఆ పిట్ట గురించి చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. వేడి ప్రాంతాల్లో కిల్‌డీర్ గుడ్ల మీద కూర్చునేది వాటిని వెచ్చగా ఉంచడానికే కాదు, ఎండ నుంచి కాపాడటానికి కూడానట. నీడ పట్టి నిలబడుతుంది, పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుస్తుంది. అంటే ఆ అరగంటా గుడ్లు ఎండలో ఉన్నాయి.

మర్నాడే వెళ్ళాను. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే తల్లి కూర్చునే ఉంది. తరవాత పది రోజులు ఆఫీసు పని మీద ఊళ్ళో లేను. వచ్చి చూస్తే గుంట ఖాళీ. కిల్‌డీర్ పిల్లలు గుడ్డులోంచి బయటపడిన రోజే నడిచి వెళ్ళిపోతాయి. పెంకుల్ని తల్లిదండ్రులే దూరంగా తీసుకెళ్ళి పడేస్తాయి. కనక ఖాళీ గుంటకి రెండు అర్థాలున్నాయి. పిల్లలు క్షేమంగా వెళ్ళిపోయి ఉండవచ్చు. లేదా చెడిన గుడ్లని ఏ పామో, రకూనో తినేసి ఉండవచ్చు. ఏది జరిగిందో తెలుసుకునే దారి లేదు.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. పిల్లలు బతికి ఉంటే నేను తప్పు చెయ్యనట్టా? చచ్చిపోయి ఉంటే చేసినట్టా? రెండు సందర్భాల్లోనూ నేను చేసింది ఒకటే కదా. మొదట్లో "బతికే ఉంటాయిలే" అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఒకడు కళ్ళు మూసుకుని కారు నడిపి, ఎవరినీ గుద్దకుండా ఇల్లు చేరితే వాణ్ణి మంచి డ్రైవరనం. అదృష్టవంతుడు అంటాం. నా తప్పు గుడ్లు చెడిపోవడంలో లేదు. ఆ అరుపు నా గురించే అని తెలిసి, దాన్ని ఆపగలిగి ఉండి, నాకు కావలసిన దాని కోసం ఆపకపోవడంలో ఉంది.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. ఒక మిత్రుడు అన్నాడు: "అదే దారిన కుక్కల్ని తిప్పుతారు, జాగింగ్ చేస్తారు, గడ్డి కోసే యంత్రం తిరుగుతుంది. మీ అరగంట ఓ లెక్కా?" లెక్కే అనుకుంటాను. జాగింగ్ చేసేవాడికి అక్కడ గూడుందని తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాడి మీద బరువు ఎక్కువ.

ఇంకొకాయన వాదన దీనికన్నా గట్టిది. ఫోటోలు చూసే జనం పక్షుల్ని ప్రేమిస్తారు, ప్రేమించినవాళ్ళే కాపాడతారు అని. ఇందులో చాలా నిజం ఉంది. ఒకప్పుడు ఈ దేశంలో ఆడవాళ్ళ టోపీల మీద ఈకల కోసం తెల్లకొంగల్ని గూళ్ళ మీదే కాల్చి చంపేవారు. 1896లో మసాచుసెట్స్‌లో కొందరు స్త్రీలు మొదలుపెట్టిన ఆందోళన పెరిగి పెరిగి, 1918 నాటి వలస పక్షుల చట్టం దాకా వచ్చింది. ఆ ఉద్యమం ఎవరి పేరు పెట్టుకుందో ఆ ఆడుబాన్ మాత్రం తను బొమ్మలు వేసిన పక్షుల్ని తుపాకీతో కొట్టి, తీగలతో కట్టి నిలబెట్టి వేసినవాడు! ఆయన బొమ్మలు చూసి ఎందరో పక్షుల్ని ప్రేమించారు. అంతమాత్రాన చచ్చిన పక్షికి ఒరిగిందేమిటి? జాతికి జరిగే మేలు వేరు, ఈ ఒక్క పిట్టకి చేసే కీడు వేరు. దీని అప్పు దానితో తీరదు.

మన కడప జిల్లా కలివికోడి కథా ఇలాంటిదే. 1900 తరవాత ఎవరికీ కనిపించని ఆ పక్షి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. ఆ దొరికింది చేతికి చిక్కి, కొద్ది రోజులకే చనిపోయింది. తరవాతి కాలంలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి వచ్చి పాదముద్రలు వెతికారు. మనిషి లేకుండా తనంతట తనే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. ఉందో లేదో తెలుసుకోవడానికి అడుగుజాడ చాలు అనుకున్నారు. నాకు ఆ మట్టి పరచడం గొప్ప మర్యాదగా కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి చెట్ల మీద పిల్లల్ని చేస్తాయి. సైబీరియా నుంచి వస్తాయని అక్కడ చెప్పుకుంటారు గానీ అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్ళు మాత్రం వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. శాస్త్రం తప్పినా మర్యాద తప్పలేదు. పురిటి గదిలోకి కెమెరా పట్టుకుని ఎవరైనా వెళతారా?

ఇక్కడ నా కథ ఇంకొకటి చెప్పాలి. చెప్పకుండా ముగిస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

చాలా ఏళ్ళ కిందట సెలవు అయిపోయి ఇండియా నుంచి బయలుదేరుతున్నప్పుడు, మా అమ్మ గేటు పట్టుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. వెలుతురు బాగుంది. కారెక్కబోయినవాణ్ణి ఆగి ఫోటో తీశాను. కొంగు అడ్డం వచ్చిందని ఇంకోటి తీశాను. "వీడ్కోలు" అని పేరు పెడితే ఇక్కడి ఒక సావనీర్‌లో వేశారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ పుస్తకం పంపిస్తే అమ్మ ఫోనులో ఒక్క మాటే అంది: "నా ఏడుపు బాగానే పడిందిరా."

ఎత్తిపొడుపో, మెచ్చుకోలో అప్పుడు తెలియలేదు. కిల్‌డీర్ గుంట ముందు నిలబడ్డ రోజు తెలిసింది. ఆ గేటు దగ్గర నేను చెయ్యవలసింది నాలుగడుగులు వెనక్కి వేసి ఆవిడ చెయ్యి పట్టుకోవడం. పిట్ట దగ్గర చెయ్యవలసింది నాలుగడుగులు వెనక్కి వేసి వెళ్ళిపోవడం. ఒకచోట దగ్గరికి వెళ్ళాలి, ఒకచోట దూరం జరగాలి. రెండుచోట్లా నేను ఫోటోకి ఎంత దూరం కావాలో అంత దూరంలో నిలబడ్డాను.

వాల్మీకి ముందు బోయవాడు క్రౌంచ పక్షిని కొట్టాడు, రెండో పక్షి ఏడ్చింది, ఆ దుఃఖంలోంచి శ్లోకం పుట్టింది అంటారు. అక్కడ బోయ ఒకడు, కవి ఒకడు. కెమెరా పట్టుకున్న నాలో ఇద్దరూ ఒక్కరే అయిపోయారు. నేనే ఏడిపించి, నేనే దాన్ని కళగా దాచుకున్నాను.

ఫోటోలు తియ్యడం మానలేదు. మానితే నాకు సులువేమో గానీ అది జవాబు కాదు. ఒక లెక్క మాత్రం పెట్టుకున్నాను. పక్షి తినడం మానేసి తలెత్తి నా వైపు చూసిందంటే, నేను అప్పటికే ఉండవలసినదానికన్నా దగ్గరగా ఉన్నట్టు. వెనక్కి జరుగుతాను. గూడు కనిపిస్తే ఎవరికీ చోటు చెప్పను. "ఈ ఫోటో ఎవరూ చూడరని తెలిస్తే కూడా తీస్తావా?" అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు కెమెరా కిందికి దిగుతుంది.

ఇక్కడి మనవాళ్ళం మనల్ని మనం వలస పక్షులమని చెప్పుకుంటాం. ఆ పోలిక వాడుకోవడానికి నాకు ఈ మధ్య సిగ్గేస్తోంది. వలస పక్షి తిరిగి వెళ్ళేది గూడు కట్టడానికి. నేను వెళ్ళింది ఫోటోలు తీసుకోవడానికి.

అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫోటో మా హాల్లో ఉండేది, తీసేశాను. కిల్‌డీర్ ఫోటో ఎవరికీ చూపించను గానీ చెరిపెయ్యలేదు. బాగా వచ్చిందని కాదు. దాన్ని తెరిచినప్పుడల్లా ఆ పిట్ట ఇంకా అరుస్తూనే ఉంటుంది, ఈసారైనా వినమని.