తిథి ఏ ఊరిది?

పంచాంగం యాప్ ఏ ఊరి లెక్క చూపాలన్నది పైకి సాఫ్ట్‌వేర్ ప్రశ్నలా కనిపిస్తుంది కానీ నిజానికి అది ధర్మసందేహం. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా తిథి మారుతుంది. ఆ క్షణం లోకమంతటికీ ఒక్కటే. ఉపవాసం ఏ రోజన్నది మాత్రం సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి, అంటే ఊరిని బట్టి. ఏకాదశి మన గడియారంలో 15వ తేదీ ఉదయం 7కు మొదలైందనుకుందాం. హైదరాబాద్‌లో అప్పటికే తెల్లవారింది కనుక ఉపవాసం 16న. వేసవిలో డాలస్‌కు అదే క్షణం 14 రాత్రి 8:30. అక్కడ 15 సూర్యోదయానికే ఏకాదశి ఉంటుంది. ఇప్పుడు ఆ డాలస్ ఇంట్లో ఫోన్ చూడండి: భాష తెలుగు, ప్రాంతం ఇండియా, టైమ్‌జోన్ అమెరికా, లొకేషన్ ఆఫ్. యాప్ దేన్ని నమ్మాలి? చెప్పాపెట్టకుండా హైదరాబాద్ లెక్క చూపితే అది సౌకర్యం కాదు, ఒకరి వ్రతాన్ని వారికి తెలియకుండా మార్చడం. సంకల్పంలో కర్త తానున్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో నోటితో చెప్తాడు. అమెరికాలో పురోహితులు ఆ దేశకాలాల మాటలు మార్చి చెప్పిస్తారు. చోటు కర్మలో భాగమైనప్పుడు దాన్ని కర్తే ఒప్పుకోవాలి. కనుక లొకేషన్ దొరకనప్పుడు యాప్ ఊరు అడగాలి, దొరికినప్పుడు కూడా తేదీ పక్కనే ఊరి పేరు చూపాలి.

టైమ్‌జోన్ చాలదా అంటారు. చాలదు, ఒకే గడియారం వాడే మన దేశంలోనే అరుణాచల్‌కూ గుజరాత్‌కూ సూర్యోదయంలో దాదాపు రెండు గంటల తేడా. ఆచూకీ అడగడం చొరబాటు కాదా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. కానీ ఒక డిగ్రీ రేఖాంశానికి సూర్యోదయం 4 నిమిషాలే మారుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ వాడేవారు ఇవ్వగల ఉజ్జాయింపు లొకేషన్ దీనికి సరిపోతుంది. ఇంటి గుమ్మం దాకా తెలుసుకోవాల్సిన పని లేదు. పుట్టింటివాళ్లతో ఒకే రోజు పండగ చేసుకోవాలన్న కోరిక కూడా గౌరవించదగ్గదే. అలాంటివారు హైదరాబాద్‌ను తామే ఎంచుకుంటారు, ఎంచుకునే వీలు ఉండాలి. ఇక ఉపవాసంతో విమానం ఎక్కినవారి పారణ (ఉపవాస విరమణ) వేళ దిగిన ఊరిని బట్టి మారాలా అన్నది గురువునో ఇంటి పెద్దనో అడగాల్సిన మాట. అక్కడ యాప్ రెండు వేళలూ ఊరి పేర్లతో చూపి ఆగిపోవాలి.