సరిగా కొలిచిన నూనె



మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల సంగతి మీకు కంఠస్థమే. సిద్దెలలో నూనె తీసికొనిపోయినవారు అయిదుగురు, మరచినవారు అయిదుగురు. నూనె తక్కువైనవారిని గూర్చి మా వంటి బోధకులము ఎన్నో ప్రసంగములు చేసియున్నాము. నూనె ఎక్కువై చెడిన సంగతి మాత్రము చెప్పినవారు అరుదు. ఈ నెల దానిని గూర్చియే వ్రాయదలచి, మిమ్మును ఒక కారు నొద్దకు తీసికొనిపోవుచున్నాను.

మీలో ట్రాక్టరు గలవారు ప్రొద్దున్నే, ఇంజను స్టార్టు చేయకమునుపే, గేజి కడ్డీని పైకి లాగి, గుడ్డతో తుడిచి, మరల దించి, రెండు గీతల మధ్య ఆయిలు ఉన్నదో లేదో చూతురు. మంచిదే. రాత్రంతయు నిలిచిన ఇంజనులో ఆయిలు అడుగునున్న చాంబరులోనికి దిగియుండును గనుక ఆ కొలత నిజమైనది. అయితే ఇదే పద్ధతిని పాత పోర్షె 911 కారు నొద్ద చేసినవాడు మోసపోవును.

అది జర్మనీ దేశములోని స్టుట్‌గార్ట్ పట్టణపు కారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట లోకమునకు చూపిరి. వేగముగా పరుగెత్తుటకును, మలుపులలో పట్టు తప్పక తిరుగుటకును చేసిన బండి. తొలి ఇంజను నిమిషమునకు 6,100 చుట్లు తిరుగునప్పుడు 130 గుర్రముల బలమిచ్చెడిది. 1998తో ముగిసిన ఆ పాత వరుస ఇంజనులకు నీళ్ల రేడియేటరు లేదు. గాలియు ఆయిలునే వాటిని చల్లార్చుచుండెను. అందుచేత ఆ తొలి ఇంజనుకే సుమారు 9 లీటర్ల ఆయిలు పట్టెడిది.

ఆ ఆయిలును అడుగు చాంబరులో నిలువ ఉంచలేదు. ఎందుకనగా, వేగముగా మలుపు తిరుగునప్పుడు అది, బండి మీది కుండలో నీళ్లు తొణికినట్లు, ఒక ప్రక్కకు ఒరిగిపోవును. పంపు నోటికి ఆయిలు బదులు గాలి అందును. బేరింగులు వెండ్రుకకంటె పలుచనైన ఆయిలు పొరమీద తేలుచుండును. ఆ పొర కొన్ని క్షణములు తెగిన చాలును, ఇనుము ఇనుమును కొరుకును. కాబట్టి ఆయిలునకు వేరుగా ఒక ట్యాంకు కట్టిరి. ఒక పంపు ట్యాంకునుండి వచ్చినదానిని బేరింగులకు నెట్టును. రెండవ పంపు క్రిందికి జారినదానిని తోడి మరల ట్యాంకునకు చేర్చును.

చిక్కు ఇక్కడనే యున్నది. బండి కొన్ని దినములు కదలక నిలిచినయెడల, ట్యాంకులోని ఆయిలు మెల్లమెల్లగా ఇంజను అడుగునకు కారిపోవును. కడ్డీయో, ట్యాంకులో నున్నది. చల్లని ఇంజను నొద్ద దానిని లాగి చూచినవానికి తడియైనను కనబడకపోవచ్చును. యజమాని గుండె గుభేలుమనును. పరుగెత్తి డబ్బాలు తెచ్చి పోయును. గీతవరకు వచ్చెనని సంతోషించి స్టార్టు చేయును. అప్పుడు రెండవ పంపు లోపల దాగియున్న ఆయిలంతయు తోడి ట్యాంకులో పోయును. చోటు చాలదు. పొంగినది ఊపిరి గొట్టము గుండా గాలి ఫిల్టరులోనికి చేరి, అక్కడనుండి ఇంజనులోపలికి పోయి కాలును. బండి వెనుక నీలిపొగ! ఇంజను పాడైపోయెనని యజమాని మెకానిక్కు నొద్దకు పరుగెత్తును. పాపము, ఇంజనుకు ఏమియు కాలేదు. కొలువరాని వేళ కొలిచెను, అంతే.

కొలువవలసిన విధము ఏదనగా, బండిని కొంతదూరము నడిపి ఆయిలును బాగుగా కాగనియ్యవలెను. 80 డిగ్రీలు దాటవలెను. సమమైన నేలమీద నిలుపవలెను. ఇంజను ఆపకూడదు. అది నెమ్మదిగా తిరుగుచుండగానే కడ్డీ తీసి, తుడిచి, పూర్తిగా దించి, మరల తీసి చూడవలెను. తక్కువైనయెడల అర లీటరుకు మించకుండ పోసి, కొంచెము ఆగి, తిరిగి కొలువవలెను. పై గీత దాటినయెడల, ఇంజను ఆపి, ఎక్కువైనదానిని ట్యాంకు అడుగు నట్టు విప్పి వదలవలెను, లేదా గొట్టముతో లాగివేయవలెను. పోయుట అందరికిని సులభమే. తీయబోవునప్పుడు చేతులు మసియగును, ఒక్కొక్కసారి చెయ్యి కాలును. అందుకే, పోనిమ్ము, అదే కాలి తగ్గునని వదలువారు కలరు.

1972వ సంవత్సరపు మోడలులో ఇంకొక వింత జరిగెను. ఆయిలు పోయు మూతను కుడి తలుపునకు వెనుక, బయటి రేకుమీద పెట్టిరి. బంకులలో కొందరు అది పెట్రోలు మూత యనుకొని అందులో పెట్రోలు పోసిరి! మరుసటి సంవత్సరపు మోడలుకు ఆ మూతను తిరిగి లోపలికి మార్చిరి. మంచి మనస్సుతో పోసినవారే గాని, ఏమి పోయుచున్నామో చూడలేదు.

యోబు స్నేహితులు ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరచిన తరువాతనే వారు అతనికి భారమైరి.

నేనును అటువంటివాడనే. మా సంఘములో ఒక యౌవనుడు తల్లిని సమాధి చేసిన తరువాత నెలకు పైగా ఆరాధనకు రాలేదు. వాని విశ్వాసము ఎండిపోయెనని తలంచి వాని ఇంటికి పోయి, గడపలో నిలుచుండియే గంటసేపు బోధించితిని. అతడు తల వంచుకొని వినెను, బదులు చెప్పలేదు. తరువాత పొరుగింటి అమ్మవలన తెలిసినదేమనగా, తండ్రి మంచము పట్టియున్నాడు. ఆయనను ఒంటరిగా విడిచి వాడు బయటికి రాలేడు. ప్రతి రాత్రియు తల్లి చదివిన బైబిలునే తీసి తండ్రికి చదివి వినిపించుచున్నాడు. నూనె అంతయు లోపలనే యున్నది. నేను కడ్డీ పెట్టిన చోట కనబడలేదు. అటుతరువాత చాలకాలము ఆ పిల్లవాడు నన్ను చూచి ప్రక్క వీధికి తొలగిపోవుచుండెను.

నేను పోసినది నేనే తీయవలెను గదా. పోయిన ఆదివారము సాయంకాలము మరల వారి ఇంటికి వెళ్లితిని. క్షమించుమంటిని. అతడేమియు అనక చాప వేసెను. దీపము పెట్టిన తరువాత వాడు తండ్రి ప్రక్కను కూర్చుండి చదువుచుండగా, నేను గోడకు ఆనుకొని వినుచుంటిని.

ముసలాయన నిద్రపోయిన తరువాత, అయ్యగారూ, జాగ్రత్త, దారి చీకటిగా నున్నదని చెప్పి, అతడు లాంతరు పట్టుకొని మందిరమువరకు నాతోకూడ వచ్చెను.